సోలార్ గీజర్ వేడితో ఫ్రిజ్ నడుస్తుందా? చేసి చూసినవాళ్లు చెప్పండి

హన్మకొండ డాబా:
మా డాబా మీద గాజు గొట్టాల సోలార్ గీజర్ ఉంది. మే నెలలో నీళ్లు మరిగిపోతాయి, వాడేవాళ్లే ఉండరు. ఆ వేడి వృథా పోవద్దని హోటళ్లలో పెట్టే పాత మినీ ఫ్రిజ్ కొన్నాను. కంప్రెసర్ లేని అమోనియా రకం. హీటర్ తీసేసి, అక్కడ రాగి పైపు చుట్టి 85 డిగ్రీల నీళ్లు తిప్పాను. మూడు గంటలైనా లోపల పెట్టిన గ్లాసు నీళ్లు చల్లబడలేదు. లోపం ఎక్కడ?

కాజీపేట మెకానిక్:
అన్నా, మీ పనిలో లోపం లేదు. ఆ ఫ్రిజ్‌లో పంపు ఉండదు. వేడికి లేచే బుడగలే ద్రావణాన్ని పైకి తోస్తాయి. దానికి 150 డిగ్రీల పైమాటే కావాలి. ఒకసారి వెనక నల్ల పైపులు చూడండి. పసుపు పొడి కనిపిస్తే ముట్టుకోకండి. తుప్పు పట్టకుండా కలిపే క్రోమేట్ అది, విషం. అమోనియా లీకవుతున్నట్టే, వెంటనే ఇంట్లోంచి బయట పెట్టండి.

ఎంటెక్ వరంగల్:
1878లోనే పారిస్ ప్రదర్శనలో మూషో అనే ఫ్రెంచ్ ఆవిష్కర్త ఎండతో మంచుగడ్డ చేసి చూపించాడు. అయితే పెద్ద అద్దంతో ఎండను ఒకచోటికి చేర్చాడు. 85 డిగ్రీలకు పనికొచ్చేది లిథియం బ్రోమైడ్ యంత్రం, అంటే ఆవిరిని పీల్చే ఉప్పు ద్రావణంతో నడిచే చల్లదనపు యంత్రం. అందులో గాలి తీసేస్తారు కాబట్టి నీళ్లు 5 డిగ్రీలకే ఆవిరై చల్లదనాన్నిస్తాయి. టన్ను చల్లదనానికి, అంటే 3.5 కిలోవాట్లకు, 5 కిలోవాట్ల వేడి ఇవ్వాలి. దానికి సుమారు 12 చదరపు మీటర్ల గొట్టాలు. అసలు కష్టం తర్వాత ఉంది. ఆ రెండూ కలిపి 8.5 కిలోవాట్లు బయటికి పంపాలి. కూలింగ్ టవర్‌లో గంటకు 12 లీటర్ల నీళ్లు ఆవిరవుతాయి. మన బోరు నీళ్లయితే పైపుల్లో సున్నం గట్టిపడుతుంది. ఒక్క గదికైతే కరెంటు ప్యానెళ్లు, ఇన్వర్టర్ ఏసీ నయం. స్థలం సగమే పడుతుంది.

జమ్మికుంట మిల్లు:
గదికి దండగేమో గానీ ఊరికి దండగ కాదు తమ్ముడూ. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి వచ్చేది ఎండలు ముదిరేటప్పుడే. మా ఉప్పుడు బియ్యం మిల్లులో ఊక బాయిలర్ పొగగొట్టం దగ్గర నిలబడలేం, ఆ వేడంతా గాలికే పోతోంది. పగలు ఎండ, మబ్బు పట్టిన రోజు ఊక వేడి పెడితే కూరగాయల గది ఒకటి నడవదా?

ఎంటెక్ వరంగల్:
నడుస్తుంది సార్. 7 డిగ్రీల నీళ్లొస్తే గది 12 దాకా దిగుతుంది. టమాటాకు చాలు. పాలకు చాలదు, 4 డిగ్రీలు కావాలి.

హన్మకొండ డాబా:
ఇప్పుడే టార్చి వేసి చూశాను. కింది వెల్డింగ్ దగ్గర గోరంత పసుపు మరక ఉంది. ఫ్రిజ్ డాబా మీదికి చేర్చి, పిల్లల్ని అటు పోవద్దన్నాను. జమ్మికుంట అన్నా, ఆదివారం థర్మామీటర్ పట్టుకొని మీ మిల్లుకు రావచ్చా?