చెరువు పోయిన రైతు నోరు విప్పట్లేదు, ఎలా కదపాలి?

గట్టుమీద:
కోనసీమలో రొయ్యలకి వైట్‌స్పాట్ (తెల్లమచ్చల వైరస్ జబ్బు) వచ్చి, అమ్మే సైజు (కౌంటు) రాకుండానే పట్టుబడి చేసేసుకున్న కౌలు రైతుల గురించి అడుగుతున్నానండి. అప్పు సంగతి ఊరంతా మాట్లాడుకుంటారు, నిద్ర పట్టట్లేదన్న సంగతి మాత్రం ఇంట్లో కూడా చెప్పరు. అడిగితే "ఏం లేదు, గ్యాస్" అంటారు. ఎలా అడగాలి? డాక్టరు మాటెత్తితే "నాకేమన్నా పిచ్చా" అని లేస్తారు.

లంకగాలి:
ముందు చోటు చూసుకోండి. అరుగు మీద అడిగితే లోపలికి వినబడుతుందని నోరు విప్పరు, టీ కొట్టు అసలే వద్దు. గట్టు మీద పక్కపక్కన నడుస్తూనో, బండి మీద వెళ్తూనో అడగండి. "ఎంత పోయింది?" అని మాత్రం మొదలెట్టకండి, లెక్కలోకి దిగితే ఇక తెల్లారేదాకా లెక్కే. "రాత్రి ఎన్నింటికి మెలకువ వస్తోంది?" అనండి. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుందని, నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్ల కోసం లేవడం చెరువు రైతుకి మామూలే. చెరువు ఎండగట్టేశాక కూడా మూడింటికే లేచి కూర్చుంటున్నాడంటే వేరే సంగతి. దిగులో, దేనిమీదా మనసు లేకపోవడమో, దానికి తోడు నిద్ర, ఆకలి చెడడమో రెండు వారాలు దాటి ఉంటే డిప్రెషన్ కావచ్చు. అడిగాక ఊరుకోండి. ఆ కాసేపు ఆగలేక మనమే "అన్నీ సర్దుకుంటాయిలే బావా" అనేస్తాం, ఆయన సరేనని లేచి వెళ్లిపోతాడు.

నర్సమ్మ:
"నేనుండి ఏం లాభం" లాంటి మాట వస్తే దాటెయ్యకండి. "చచ్చిపోవాలనిపిస్తోందా అన్నయ్యా?" అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఆ రాత్రి ఒంటరిగా వదలొద్దు. షెడ్డులో పురుగుమందులు, ఇంట్లో మాత్రలు వేరే ఇంటికి చేర్చండి. చాలామంది తాళం వేస్తారు, తాళంచెవి మాత్రం ఆయన మొలతాడుకే ఉంటుంది! 14416కి ఫోన్ చేస్తే టెలీమానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) వాళ్లు ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు, ఉచితం. ఆయన చెయ్యనంటే ఏం చెయ్యాలో మీరే చేసి అడగొచ్చు.
ఏదైనా తాగేశాడని తెలిస్తే 108. ఉప్పునీళ్లు పట్టి వాంతి చేయించకండి, డబ్బా వెంట తీసుకెళ్లండి. పోలీసు కేసు భయంతో ఆలస్యం చెయ్యొద్దు. 2017 మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షన్ ప్రకారం, తీవ్రమైన ఒత్తిడిలో అలా చేశాడనే భావించాలి, శిక్షించకూడదు.

మందులకొట్టు:
నిద్ర పట్టట్లేదని ఆర్‌ఎంపీ ఇచ్చే ఆల్ప్రజోలంతో జాగ్రత్తండి. ఆ రాత్రికి నిద్ర పడుతుంది, వారాలు వాడితే అలవాటైపోతుంది, ఒక్కసారిగా ఆపితే దడ, వణుకు. సారాయితో కలిస్తే ఊపిరికే ప్రమాదం. డిప్రెషన్ మందు దారి వేరు. గుణం కనబడడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, మొదటి వారం మాత్రం కడుపులో తిప్పొచ్చు. "పడలేదు" అని చాలామంది ఆపేసేది అక్కడే. తగ్గాక కూడా కనీసం ఆర్నెల్లు వాడాలి, ఆపేది డాక్టరు చెప్పినట్టు మెల్లగా. కాకినాడ జీజీహెచ్‌లో (ప్రభుత్వ పెద్దాసుపత్రిలో) సైకియాట్రీ కూడా మిగతావాటిలాగే ఒక విభాగం. "నిద్ర కోసం వెళ్దాం" అంటే చాలు, అదేం అబద్ధం కాదుగా.

గట్టుమీద:
తాగినప్పుడే మాట్లాడేవాళ్లయితే? తెల్లారితే ఏమీ అనలేదంటారు.

నర్సమ్మ:
వినండి, వాదించకండి. తాగి అన్నాడని చావు మాటని తేలిగ్గా తీసుకోవద్దు, ఆ రాత్రికి పైన చెప్పిన జాగ్రత్తలన్నీ వర్తిస్తాయి. పొద్దున కాఫీ వేళకి వెళ్లి, "రాత్రి ఒక మాటన్నావు, నాకు నిద్ర పట్టలేదు" అని మళ్లీ అదే అడగండి.