తైదంబలి, గట్క తెలిసిన ఇంట్లో ఓట్స్ జావకు చోటుందా?

హన్మకొండ పొద్దు:
అందరికీ నమస్కారం. చలి మొదలైనప్పటి నుంచి పొద్దున ఓట్స్ జావ కాస్తున్నాను. ప్యాకెట్ చింపి వేడినీళ్లు పోసే మసాలా రకం కాదు. అటుకుల్లా నొక్కిన రోల్డ్ ఓట్స్ తెచ్చి, సన్న సెగ మీద కలుపుతూ వండుతున్నాను. జావ చిక్కబడేదాకా ఫోన్ ముట్టను, టీవీ పెట్టను. తర్వాత కూర్చుని వేడివేడిగా తింటాను. ఆ కాసేపు మనసు నిమ్మళంగా ఉంటుంది, మధ్యాహ్నం దాకా ఆకలి తెలియదు.

మా అత్తమ్మ ఒప్పుకోవడం లేదు. జొన్నలు, తైదలు (రాగులు) పండే నేల మీద ఉంటూ ఎక్కడిదో గింజకు ఇంత పైసలు పోయడం ఎందుకని అడుగుతుంది. ఆ మాట కొట్టిపారేయలేను, నా గిన్నె వదులుకోనూ లేను. మీరేమంటారో కారణాలతో చెప్పండి.

వండే తీరు కూడా రాస్తున్నా. అర కప్పు ఓట్స్‌ను చెంచాడు నెయ్యిలో కమ్మటి వాసన వచ్చేదాకా వేయించాలి. కప్పు నీళ్లు, చిటికెడు ఉప్పు, కొంచెం శొంఠి పొడి వేసి సన్న సెగన ఉడకనివ్వాలి. పాలు మొదటే పోస్తే అడుగంటుతుంది. గింజ మెత్తబడ్డాక అర కప్పు పోసి, ఇంకో మూడు నాలుగు నిమిషాలు కలపాలి. దించాక తరిగిన ఖర్జూరం, వేయించిన నువ్వులు. చక్కెర అక్కర్లేదు.

నర్సంపేట రైతుబిడ్డ:
అక్కా, నేను మీ అత్తమ్మ వైపే. ఓట్స్ చల్లటి ప్రాంతాల పంట. కెనడా, రష్యా, ఆస్ట్రేలియా లాంటి చోట్ల ఎక్కువగా పండుతుంది. మన దేశంలో యాసంగిలో వేసినా చాలావరకు పశువుల మేతకే. మన దిక్కు జొన్న వర్షం మీదే పండేది, మనుషులకు గింజ, పశువులకు చొప్ప ఇచ్చేది. ఇప్పుడు వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పత్తి, మిర్చి, మక్కలు వచ్చినట్టు జొన్నలు వస్తున్నాయా? తినేవాళ్లు తగ్గితే వేసేవాళ్లు తగ్గుతారు. 2023ను చిరుధాన్యాల సంవత్సరమని ఐక్యరాజ్యసమితి ప్రకటించింది, అన్ని చోట్లా పండుగలు చేశారు. మరి మన ఇళ్లలో పొద్దున ఏం ఉడుకుతోంది?

నిమ్మళం కావాలంటే తైదంబలి కాచి చూడండి. రాత్రి తైద పిండిని నీళ్లలో కలిపి మూతపెడితే తెల్లారేసరికి పులుస్తుంది. మరుగుతున్న నీళ్లలో ఆ పిండి పోసి, ఉండ కట్టకుండా తెడ్డుతో తిప్పుతూ ఉండాలి. అప్పుడు మీ చెయ్యి ఎటూ పోదు, ఫోన్ దానంతట అదే పక్కన పడుతుంది. చల్లారాక చల్ల, ఉప్పు, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ కలపండి. చలికి అయితే చల్ల లేకుండా వేడిగానే తాగొచ్చు.

పోషణ చదివినామె:
ఇద్దరి మాటలోనూ పస ఉంది. కానీ ఏ గింజ దేనికి పనికొస్తుందో చూడకుండా ఊరి మీది ప్రేమతోనే తేలిస్తే, గింజకూ న్యాయం జరగదు, తినే మనిషికీ జరగదు.

ఓట్స్‌లో బీటా గ్లూకాన్ అనే కరిగే పీచు ఉంటుంది. ఉడికితే జావకు ఆ జిగురు వచ్చేది దాని వల్లే. పేగుల్లో కూడా అది అలాగే చిక్కబడి, పైత్యరసంలోని ఆమ్లాలను కొంత పట్టుకుని బయటికి తీసుకుపోతుంది. వాటి స్థానంలో కొత్తవి చేసుకోవడానికి కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ను వాడుకుంటుంది. అమెరికా ఆహార, ఔషధ సంస్థ 1997లో ఓట్స్ డబ్బాల మీద గుండెకు మేలనే మాట రాసుకోనిచ్చింది ఈ ఆధారంతోనే. రోజుకు 3 గ్రాముల బీటా గ్లూకాన్ అందాలన్నది అందులోని లెక్క. అక్క చెప్పిన అర కప్పు అంటే 40 గ్రాముల దగ్గర. అందులో వచ్చేది ఒకటిన్నర గ్రాములు, ఆ పైన కొద్దిగా. అంటే ఒక్క గిన్నెతో పని పూర్తి కాదు, సగం దారి వస్తుంది.

జొన్నల్లో, తైదల్లో ఈ పీచు అంతగా లేదు. కానీ కాల్షియం సంగతికొస్తే ఓట్స్ తైదల దరిదాపుల్లోకి కూడా రావు. 100 గ్రాముల తైదల్లో 350 మిల్లీగ్రాముల చుట్టుపక్కల ఉంటుంది, ఓట్స్‌లో దాంట్లో ఐదో వంతు కూడా ఉండదు. పెరిగే పిల్లలున్న ఇంట్లో, నెలసరి ఆగిన ఆడవాళ్లున్న ఇంట్లో నేనైతే తైదలే ముందు పెడతాను. కొలెస్ట్రాల్ కోసమే ఓట్స్ కొంటున్నవాళ్లు బార్లీని మరిచిపోతున్నారు. అందులోనూ బీటా గ్లూకాన్ దండిగా ఉంది, మామూలు కిరాణా కొట్లో దొరుకుతుంది, ధర తక్కువ.

షుగర్ ఉన్నవాళ్లకు ఒక మాట. గింజ ఎంత సన్నగా నలిగి, ఎంత ముందే ఉడికి వస్తే, రక్తంలో చక్కెర అంత తొందరగా పెరుగుతుంది. రోల్డ్ ఓట్స్ కన్నా ఇన్‌స్టంట్ రకం అందుకే ఎక్కువ పెంచుతుంది. స్టీల్ కట్ అనే నూక రకం నెమ్మది. ఈ సూత్రం మన పిండి జావకూ వర్తిస్తుంది: మెత్తటి పిండితో కాచిన జావ కన్నా జొన్న రవ్వతో వండిన గట్క నయం. తైదలు కదా, ఎంత తాగినా ఏమీ కాదనుకుని పెద్ద గ్లాసుల్లో తాగేవాళ్లను చూస్తున్నాను. అది సరికాదు. ఏది తిన్నా రెండు గంటల తర్వాత ఒకసారి చూసుకోండి, మందులు మాత్రం మీ డాక్టర్ చెప్పినట్టే వాడండి.

కాజీపేట అమ్మ:
గింజ గురించి ఇంత మాట్లాడారు, పొయ్యి ముందు నిలబడే మనిషి గురించి ఎవరూ అడగలేదు. పొద్దున పిల్లల టిఫిన్ డబ్బాలు, మామయ్యకు వేడినీళ్లు, మా ఆయన షిఫ్ట్, నా ఆఫీసు. ఎనిమిదిలోపు అన్నీ కావాలి. ఇందులో నిమ్మళంగా కలుపుకుంటూ నిలబడాలంటే నేను ఇంకో అరగంట ముందు లేవాలి. అంటే నా నిద్రలోంచే కదా ఆ ప్రశాంతత తీసేది? ఫోన్ ముట్టకుండా వండుకోమని చెప్పడం తేలిక. మీకు ఇంట్లో ఆ వెసులుబాటు ఉంది కాబట్టి కుదిరింది. లేనివాళ్లకు ఇది ఇంకో పని, పైగా చేయలేకపోతే అదో టెన్షన్.

తైదంబలి రాత్రి కలిపేదీ, పొద్దున తిప్పేదీ కూడా ఆడవాళ్లే తమ్మీ. పాత తిండి తిరిగి రావాలని అందరూ అంటారు. దాని వెనక చాకిరీ కూడా తిరిగి వస్తుందని ఎవరూ అనరు.

హన్మకొండ పొద్దు:
అక్కా, మీ మాట గట్టిగా తగిలింది, నిజం కూడా. అయినా ఒక విషయంలో మీతో కలవలేను. మా ఇంట్లోనూ పొద్దున ఉరుకులే. ఉరుకుల్లో ఎక్కడో ఒక చోట ఆగకపోతే మనిషి నిలవడు. నేను ఆగే చోటు ఈ గిన్నె దగ్గర. ఓట్స్ నాకు పనికొస్తున్నది అందుకే: మామూలు రోజున జొన్న గట్క నా పొయ్యి మీద కాదు, ఓట్స్ అవుతుంది. అత్తమ్మ వండే గట్క, పచ్చిపులుసు ముందు ఇది ఎందుకూ చాలదని నేనే ముందు ఒప్పుకుంటాను. కానీ ఆ తిండికి ఒక పూట కావాలి. నాకున్నది పదిహేను నిమిషాలు. ఆ పదిహేను నిమిషాల్లో ఒళ్లు వెచ్చబడే తిండి ఒకటి నా చేత్తో వండుకుని, నిలబడి మింగకుండా కూర్చుని తింటున్నాను. పనిచేసే ఆడవాళ్లు చాలామంది పొద్దున ఒక చాయ్, రెండు బిస్కెట్లతో మధ్యాహ్నం దాకా లాగుతున్నారు. దాని పక్కన పెట్టి చూడండి నా గిన్నెను.

జగిత్యాల మాస్టారు:
మా ఇంట్లో పొద్దున జావ కాచేది నేనే. స్టీల్ కట్ రకం రాత్రి నానబెడితే ఇరవై నిమిషాలలోపే ఉడుకుతుంది. మేడమ్ గారు బార్లీ గురించి చెప్పింది బాగుంది. అది మాత్రం ఎంత నానినా ఉడకడానికి చాలాసేపు పడుతుంది, కుక్కర్‌లో పెట్టుకోవడం మేలు.

నర్సంపేట రైతుబిడ్డ:
హన్మకొండ అక్కా, గట్కకు ఒక పూట కావాలన్న మాట దగ్గరే నాకు పేచీ. గింజ దంచి, చెరిగి, రవ్వ తీసిన రోజుల్లో అంత సమయం పట్టేది. ఇప్పుడు గిర్ని పట్టించిన జొన్న రవ్వ దొరుకుతోంది. రాత్రి నానబోస్తే పొద్దున కుక్కర్‌లో నాలుగైదు విజిల్స్, అంతే. ఓట్స్‌కు పెట్టే డబ్బులో ఇంటిల్లిపాదీ తింటారు. సమయం లేదన్న కారణం జొన్నకు వర్తించదు, అలవాటు పోయిందంతే. కొలెస్ట్రాల్ ఉన్నవాళ్లు ఓట్స్ తింటే తినండి, కాదనను. మిగతా ఇళ్లకు ఆ అవసరం లేదు.

కాజీపేట అమ్మ:
ఆ రవ్వ రాత్రి నానబోసేది ఎవరు తమ్మీ? దానికి నీళ్ల కొలత ఎంత?

నర్సంపేట రైతుబిడ్డ:
నేనే అక్కా. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు, పొయ్యి దగ్గర ఎక్కువసేపు నిలబడలేదు. గ్లాసు రవ్వకు నాలుగు గ్లాసుల నీళ్లు, నానబోసినవి కూడా అందులోనే లెక్క. జారుగా కావాలంటే ఇంకో గ్లాసు. విజిల్స్ అయ్యాక ఆవిరి పోనిచ్చి, మూత తీసి తెడ్డుతో ఒకసారి బాగా కలపండి, లేకుంటే అడుగున గట్టిగా, పైన నీళ్లగా ఉంటుంది.