డౌన్ సిండ్రోమ్ ఉన్న పాప ఆరో తరగతికి హైస్కూలు మారుతోంది, ముందుగా ఏం చేయాలి?

నమస్కారం. మాది హనుమకొండ. మా పాపకు డౌన్ సిండ్రోమ్. ఇంటి దగ్గరి ప్రాథమిక పాఠశాలలో ఐదో తరగతి చదువుతోంది, జూన్‌లో హైస్కూలుకు మారాలి. సీటు గురించి దిగులు లేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం గుర్తింపు ఉన్న ఏ బడీ వైకల్యం పేరుతో చేర్చుకోబోమని అనకూడదు. అయినా ఒక ప్రధానోపాధ్యాయుడు "ప్రత్యేక బడి చూసుకోండమ్మా" అని చల్లగా చెప్పారు. ఆయన సంగతి తర్వాత చూస్తాను.

నా బెంగంతా పీరియడ్ పీరియడ్‌కూ మారే టీచర్ల గురించే. ఇప్పుడు రోజంతా ఒకే టీచరమ్మ, ఆవిడ మొహం చూస్తేనే పాపకు ధైర్యం. విన్నదానికన్నా చూసినదాన్ని బాగా పట్టుకుంటుంది కాబట్టి బొమ్మలతో టైంటేబుల్ గీశాను: లెక్కలకు పూసలు, తెలుగుకు పలక, భోజనానికి కంచం. తొందరపెడితే మాత్రం గోడకు ఆనుకుని కూర్చుండిపోతుంది, ఎంత బతిమాలినా లేవదు.

ఈ దశ దాటిన తల్లిదండ్రులను అడుగుతున్నాను. వేసవి సెలవులకు ముందే కొత్త బడికి తీసుకెళ్లి తరగతి గది, మరుగుదొడ్డి, నీళ్ల కుళాయి చూపిస్తే ఫలితం ఉందా? తెలిసిన స్నేహితురాలినీ అదే సెక్షన్‌లో వేయమంటే ఒప్పుకున్నారా? భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ప్రభుత్వం నడిపే కేంద్రం) టీచరు హైస్కూలు వాళ్లతో తామే మాట్లాడతారా, మనమే పూనుకోవాలా? పాప గురించి ఒక పేజీ రాసి టీచర్లందరికీ ఇద్దామనుకుంటున్నాను, అందులో ఏముండాలి?

వరంగల్, కాజీపేట వైపు వాళ్లు చెబితే మరీ మంచిది. "దేవుడి బిడ్డ" అని ఓదార్చేవాళ్లు ఈసారికి మన్నించాలి, నాకు ఉపాయాలు కావాలి.