గర్భాశయంలోనూ గడ్డ, అండాశయంలోనూ గడ్డ: పాకిందా, విడిగా పుట్టిందా?

పాథాలజీ పీజీ, విజయనగరం:
స్పెసిమెన్‌లో గర్భాశయం లోపొరలో ఎండోమెట్రియాయిడ్ కార్సినోమా (ఆ పొర గ్రంథులను పోలిన క్యాన్సర్), గ్రేడ్ 1, అంటే తక్కువ తీవ్రత. కండరం మందం 15 మి.మీ., గడ్డ దిగింది 4 మి.మీ. ఎడమ అండాశయంలో 7 సెం.మీ. గడ్డ, అదీ ఎండోమెట్రియాయిడే, గ్రేడ్ 1. కుడి అండాశయం మామూలే. ఈఆర్, పీఆర్ (హార్మోన్ గ్రాహకాలు), పాక్స్8 (గడ్డ ఏ కణజాలానిదో సూచించే ప్రొటీన్) మార్కర్లు రెండు చోట్లా పాజిటివ్. రెండూ ఒకేలా ఉన్నాయి కాబట్టి పాకిందని రాసేయొచ్చా? స్టేజి 3 అని రాస్తే కీమో మొదలెడతామని సర్జరీ వాళ్లు అడుగుతున్నారు.

శ్రీకాకుళం నుంచి:
తొందరపడకండి. ఆ మూడు మార్కర్లూ ఈ తగువు తీర్చవు. ఎండోమెట్రియాయిడ్ గడ్డ ఎక్కడ పుట్టినా వాటికి సాధారణంగా పాజిటివే. మళ్లీ స్లైడు దగ్గరికే వెళ్లండి. అండాశయం గడ్డ పక్కన ఎండోమెట్రియోసిస్ (గర్భాశయం లోపొర లాంటి కణజాలం బయట పెరగడం) కనిపించిందా? గర్భాశయంలో చుట్టూ అటిపికల్ హైపర్‌ప్లేసియా (క్యాన్సర్‌కు ముందు దశ) ఉందా? ఉంటే ఎక్కడిదక్కడే పుట్టిందన్న మాటకు బలం. అండాశయంలో ఉండలు ఉండలుగా పెరగడం, రెండు వైపులా ఉండడం, గడ్డ 5 సెం.మీ. లోపు ఉండడం, కండరంలో లోతుగా దిగడం, నాళాల్లో కణాలు, ఇవన్నీ పాకిన వైపు తూగుతాయి. 1985లో ఉల్‌బ్రైట్, రాత్ అనే పాథాలజిస్టులు ఇచ్చిన లెక్క ఇంచుమించు ఇదే.

బొబ్బిలి నుంచి:
పై లెక్క సరే, కానీ 2016లో జన్యువులు చదివి చూస్తే ఇలాంటి జంటల్లో ఎక్కువ భాగం ఒకే క్లోన్‌వని (ఒకే కణం సంతానమని) తేలింది. అంటే పుట్టుక ఒకటే. అయినా ఈ రోగులు స్టేజి 3 వాళ్లలా కాదు, చాలా బాగుంటారు. అందుకే 2023లో ఫీగో (స్టేజిలు నిర్ణయించే అంతర్జాతీయ స్త్రీవైద్య సమాఖ్య) స్టేజి 1లోనే 1ఎ3 అనే గది కట్టింది. రెండూ తక్కువ గ్రేడ్ ఎండోమెట్రియాయిడ్ అయ్యుండాలి. కండరంలో సగం లోపే దిగాలి. నాళాల్లో విస్తృతంగా ఉండకూడదు, అంటే 5 లేదా అంతకు మించి నాళాల్లో కనిపించకూడదు. అండాశయం ఒకవైపే, తొడుగు చెక్కుచెదరకుండా ఉండాలి. ఇంకెక్కడా క్యాన్సర్ ఉండకూడదు. ఒక్కటి తప్పినా కనీసం స్టేజి 3ఎ1. మీది 15లో 4, సగం లోపే కాబట్టి ఆ షరతు తీరింది. నా మట్టుకు రిపోర్టులో 'స్వతంత్రం', 'మెటాస్టాసిస్' అన్న మాటల కంటే ఈ షరతులు ఒక్కొక్కటీ రాయడమే మేలు.

పాథాలజీ పీజీ, విజయనగరం:
తొడుగు దగ్గరే చిక్కు. పైపొరను గుర్తుపట్టే ఇంకు వేయకుండా కోసేశాం. పైగా గర్భాశయం తెరవకుండానే ఫార్మాలిన్‌లో వేసి పంపారు.

శ్రీకాకుళం నుంచి:
ఆపరేషన్ నోట్ తెప్పించండి. అండాశయం గడ్డ కడుపులో ఉండగానే చిట్లిందా, తీసేటప్పుడు చిట్లిందా అన్నది అందులోనే దొరకాలి. మిగిలిన తొడుగు నుంచి సెంటీమీటరుకో బ్లాకు లెక్కన తీసుకోండి. ఇకపై కోతకు ముందే పైపొర ఆరబెట్టి ఇంకు పూయండి.

తెరవని గర్భాశయంలోకి ఫార్మాలిన్ సరిగా ఇంకదు. లోపొర కుళ్లి గ్రంథులు విడిపోతాయి, కణజాలం ముడుచుకుని గడ్డ చుట్టూ ఖాళీలు ఏర్పడి నాళాల్లో కణాలున్నట్టు భ్రమ కలిగిస్తాయి. అనుమానం ఉన్నచోట సీడీ31 రంగు వేసి ఎండోథీలియం (నాళం లోపలి పొర) ఉందేమో చూడండి. ఎంఎంఆర్ నాలుగూ (డీఎన్‌ఏ తప్పులు దిద్దే ప్రొటీన్లకు రంగు పరీక్ష) తప్పక చేయండి, కానీ పక్కనున్న స్ట్రోమా (ఆధార కణజాలం), లింఫోసైట్లు రంగు పట్టకపోతే గడ్డలో కనిపించే 'లాస్' (రంగు లేకపోవడం) లెక్కలోకి రాదు, మరో బ్లాకు మీద చేయాలి. ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2 రెండూ పోతే ముందు మిథైలేషన్ (ఎంఎల్‌హెచ్1 జన్యువు రసాయనికంగా మూతపడడం) పరీక్ష. ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6 పోతే నేరుగా లించ్ (వంశపారంపర్య క్యాన్సర్ ముప్పు) కౌన్సెలింగ్‌కు పంపండి.