సిసిలీ జోర్డన్ పుట్టింటి పేరు: ‘రెనాల్డ్స్’ అని రాయాలా, ఖాళీగా ఉంచాలా?

జేమ్స్‌నది:
మా కోడలిది అమెరికాలోని వర్జీనియా. తల్లివైపు పూర్వీకుల్లో సిసిలీ జోర్డన్ ఉందని వాళ్ళింట్లో గట్టి నమ్మకం. 1610 ఆగస్టులో ‘స్వాన్’ ఓడలో జేమ్స్‌టౌన్ వలసకు వచ్చిన ఇంగ్లీషు పిల్ల. తర్వాత శామ్యూల్ జోర్డన్‌ను, అతను పోయాక విలియం ఫెరార్‌ను పెళ్ళాడింది. మనవడి కోసం వంశవృక్షం తెలుగులో రాస్తున్నాను. వంశావళి సైట్లలో ఎక్కడ చూసినా ‘సిసిలీ రెనాల్డ్స్, ఇంగ్లండులోని డోర్సెట్‌కు చెందిన థామస్ రెనాల్డ్స్ కూతురు’ అని ఉంది. అదే రాసేయవచ్చా?

శాసనప్రియ:
రాయకండి. ఆమె గురించి మిగిలిన అసలు కాగితాలు కొద్దే. 1620 డిసెంబరు నాటి పట్టాలో శామ్యూల్‌కు 450 ఎకరాలు ఇచ్చారు. అందులో 100 ఎకరాలు సిసిలీ పేరు చెప్పి వచ్చినవే, తొమ్మిదేళ్ళుగా అక్కడున్న పాత వలసదారు కాబట్టి. 1623లో ఆమె తనను పెళ్ళాడతానని మాటిచ్చిందంటూ పూలీ అనే పాదిరీ వేసిన దావా ఉంది. 1625 ఆరంభంలో ఇంటింటికీ తిరిగి తీసిన లెక్కలో వయసు 24 అని ఉంది. వీటిలో ఎక్కడా రెనాల్డ్స్ కనబడడు.

గోదారిగట్టు:
ఇన్ని వేలమంది ఊరికే రాస్తారా అండీ? లెక్క ప్రకారం ఓడ ఎక్కేనాటికి ఆమెకు పదేళ్ళు. అంత పిల్ల ఒంటరిగా సముద్రం దాటదు, ఎవరో పెద్దలు వెంట తెచ్చి ఉంటారు. తరతరాలుగా చెప్పుకుంటున్న పేరు తీసేసి ఆమెను దిక్కులేని పిల్లను చేయడం ఏం న్యాయం?

శాసనప్రియ:
పెద్దలు ఉండే ఉంటారు. వాళ్ళ పేరు రెనాల్డ్స్ అనడానికి అది ఆధారం ఎలా అవుతుంది? ఒకరు ఊహించి రాశారు, మిగతావాళ్ళు దించుకున్నారు. వెయ్యి నకళ్ళు కలిపినా ఒక సాక్షి కాదు. పైగా ఈ ‘తరతరాలు’ ఎప్పుడు మొదలయ్యాయో ఎవరూ చెప్పరు.

లెక్కలమాస్టారు:
శాసనప్రియ గారూ, ఒక్క ప్రశ్న. శామ్యూల్ కంటే ముందు ఆమెకు బెయిలీ అనే మొదటి భర్త ఉన్నాడని కొందరు చెప్పే మాటను మీరు ఒప్పుకుంటున్నారు కదా! అదీ ఊహే. ఏ కాగితంలోనూ అతని పేరు లేదు. మీకు నచ్చిన ఊహకు ఒక నియమం, నచ్చనిదానికి ఇంకొకటా?

శాసనప్రియ:
మంచి ప్రశ్నే మాస్టారూ. 1625 లెక్కలో ఫెరార్, సిసిలీ జోర్డన్‌ల ఇంటి కింద మేరీ జోర్డన్ 3, మార్గరెట్ జోర్డన్ 1, టెంపరెన్స్ బెయిలీ 7 అని ముగ్గురు పిల్లలున్నారు. ఏడేళ్ళ పిల్ల పేరున అప్పటికే 200 ఎకరాల భూమి ఉంది. అంటే తండ్రి పోయి ఉండాలి. సిసిలీకి పదిహేడేళ్ళప్పుడు పుట్టిందనుకుంటే వయసులు సరిపోతాయి. టెంపరెన్స్ ఆమె కూతురేనని ఎవరూ రాసిపెట్టలేదు, అందుకే ‘బహుశా’ అంటాను. కాగితం మీది అంకెల నుంచి నడిచిన ఊహ ఇది. రెనాల్డ్స్‌కు అలాంటి అంకె ఒక్కటీ లేదు.

మేనత్త:
పుట్టింటి పేరు కోసం కొట్టుకుంటున్నారు గానీ అసలు మనిషిని వదిలేశారు! శామ్యూల్ పోయిన మూడు నాలుగు రోజులకే ఆ పాదిరీ గ్రెవిల్ పూలీ పెళ్ళి మాట ఎత్తాడు. ఆమె అప్పుడు గర్భిణి. సాక్షి చెప్పినదాని ప్రకారం పూలీ ఆమె చెయ్యి పట్టుకుని పెళ్ళి ప్రమాణంలో తన మాటలు చెప్పి, ఆమె చెప్పవలసినవీ తానే చెప్పేశాడు! భర్త పోగానే ఒప్పుకుందనే మాట రాకూడదని, బయటపెట్టవద్దని ఆమె అడిగిందట. అతను ఊరంతా చాటాడు. ఆమె ఫెరార్‌ను చేసుకుంటానని గవర్నరు సభ ముందే చెప్పింది. సభ తేల్చలేక వ్యవహారాన్ని లండన్ దాకా పంపింది. చివరికి 1625 జనవరిలో పూలీ తన హక్కు వదులుకుంటూ 500 పౌండ్ల పూచీ రాసిచ్చాడు. ఇదంతా వంశవృక్షంలో ఏ గడిలో పడుతుంది?

తుంగభద్ర:
ఆ ఎకరాలు అంతకుముందు ఎవరివో కూడా రాయండి. జేమ్స్ నది పొడవునా అక్కడి మూలవాసులైన పౌహాటన్ ప్రజల ఊళ్ళు, పొలాలు ఉండేవి. 1622 మార్చి 22న వాళ్ళు దాడి చేస్తే వలసను నడిపిన వర్జీనియా కంపెనీ లెక్కలో 347 మంది ఇంగ్లీషువాళ్ళు చనిపోయారు. శామ్యూల్ తన ఇంటికి పొరుగువాళ్ళను చేర్చి కోటలా కాపు కాశాడు. ఇంగ్లీషువాళ్ళు ఎదురుదాడుల్లో ఊళ్ళు తగలబెట్టి పంటలు కోసుకుపోయారు. ‘మా పూర్వీకురాలి తొలి భూమి’ అని మురిసిపోయేవాళ్ళు ఈ సగం దాటేస్తారు.

జేమ్స్‌నది:
తుంగభద్ర గారి మాట ఒక పేరాగా చేరుస్తాను. తండ్రి గడి ఖాళీగా ఉంచుతాను, బెయిలీ పక్కన ప్రశ్నార్థకం పెడతాను. కోడలు సరేనంది, వియ్యపురాలికి మాత్రం మింగుడు పడలేదు.

గోదారిగట్టు:
కనీసం రెనాల్డ్స్ కథను అడుగున ఒక ముక్క రాయండి. ఆవిడ నమ్మకానికి అంత చోటైనా ఇవ్వరా?

శాసనప్రియ:
అడుగున రాస్తే నాకు అభ్యంతరం లేదు, ఆధారం లేదని దాని పక్కనే రాయండి. అయినా జేమ్స్‌నది గారూ, ముందు అడగవలసింది వేరే ఉంది. మీ కోడలి వంశం మేరీ నుంచి వచ్చిందా, మార్గరెట్ నుంచా, ఫెరార్ పిల్లల నుంచా? మధ్య తరాలకు వీలునామాలు, పట్టాలు ఏమున్నాయి? టెంపరెన్స్ నుంచి అన్నారో, మాస్టారు మళ్ళీ నా మీదికి వస్తారు.