అంబాసిడర్ వెనక బ్రేక్ డ్రమ్ములు ఊడి రావట్లేదు, ఏం చేయాలి?

పాతబండి_తెనాలి:
అన్నలూ, మా నాన్నగారి 1984 అంబాసిడర్ మార్క్ 4, రేకుల షెడ్డులో ఆరేళ్లు కదలకుండా ఉండిపోయింది, అదీ హ్యాండ్‌బ్రేక్ లాగేసి. ఇంజన్ స్టార్ట్ అయింది గానీ వెనక చక్రాలు బిగుసుకుపోయాయి. చక్రాలు విప్పా, డ్రమ్ము స్క్రూలు కూడా తీసేశా, చెక్క అడ్డం పెట్టి రెండ్రోజుల్నుంచి కొడుతున్నా. కుడివైపుది కాస్త బయటికొచ్చి ఆగిపోతోంది, ఎడమది అసలు ఉలకదు పలకదు. డ్రమ్ము పగిలితే మళ్లీ ఎక్కడ వెతకాలి? నాన్నగారి బండి, చెడగొట్టాలని లేదు.

గ్రీజుచేతులు:
తమ్ముడూ, సుత్తి కాసేపు పక్కన పెట్టు. రెండువైపులా జబ్బు ఒకటి కాదు. కుడిది వచ్చి ఆగుతోందంటే హబ్బు (డ్రమ్ము కూర్చునే మధ్య భాగం) వదిలేసినట్టే, లోపల షూలు, అంటే డ్రమ్ముకి ఒరుసుకుని బండిని ఆపే ముక్కలు, పట్టుకుంటున్నాయి. ఏళ్ల తరబడి అరిగి డ్రమ్ము అంచున గట్టులా మిగులుతుంది, షూలు దానికి తగులుకుంటాయి. హ్యాండ్‌బ్రేక్ దింపి, కేబుల్ లూజ్ చేసి, షూలని దగ్గరకీ దూరానికీ జరిపే అడ్జస్టర్ పూర్తిగా వెనక్కి తిప్పు, తర్వాత డ్రమ్ముని అటూ ఇటూ ఆడిస్తూ లాగు.
ఎడమది హబ్బు దగ్గర తుప్పుతో అతుక్కుని ఉంటుంది, మధ్యలో ఎర్రటి పొడి గీత కనిపిస్తుంది చూడు. అక్కడా, స్టడ్ల (చక్రం బిగించే బోల్టుల) చుట్టూ తుప్పు వదిలించే స్ప్రే ఆయిల్ డబ్ల్యూడీ-40 కొట్టి రాత్రంతా వదిలెయ్. పొద్దున స్టడ్లకీ స్టడ్లకీ మధ్య డ్రమ్ము ముఖం మీద చుట్టూ తిరుగుతూ చిన్న దెబ్బలు వెయ్యి, అంచు మీద మాత్రం కొట్టకు, పోత ఇనుము కదా పగులుద్ది.

మార్క్2_వైజాగ్:
గ్రీజుచేతులు గారు చెప్పింది కరెక్ట్. ఇంకోటి, జాకీ ఒక్కదాన్నే నమ్మి కొట్టొద్దు, స్టాండ్లు పెట్టు, ముందు చక్రాలకి రాళ్లు వెయ్యి. డ్రమ్ము ఊడాక లోపలి దుమ్ము గాలి కొట్టి ఎగరేయొద్దు ప్లీజ్, షూల మీద అతికించే పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది, ఊపిరితిత్తులకి చాలా ప్రమాదం, మాస్క్ పెట్టుకుని తడిబట్టతో తుడువు. ఆయిల్ కొట్టిన చోట గ్యాస్ మంట కూడా పెట్టకు.

పాతబండి_తెనాలి:
వచ్చేశాయి అన్నా!! కుడిది అడ్జస్టర్ తిప్పగానే పదినిమిషాల్లో చేతికొచ్చింది. ఎడమదానికి రెండు రాత్రులు ఆయిల్ పట్టింది, కొడుతుంటే ఖంగు ఖంగుమనే చప్పుడు ఒక్కసారిగా బొంగురుపోయింది, అప్పుడు వదిలింది. లోపల చూస్తే షూలని నెట్టే వీల్ సిలిండర్ రబ్బరు కింద తడిగా ఉంది, ఎడమవైపు షూ మొత్తం బ్రేక్ ఆయిల్ తాగేసింది. శాండ్‌పేపర్ వేస్తే సరిపోతుందా?

గ్రీజుచేతులు:
సరిపోదు తమ్ముడూ, ఆయిల్ తాగిన లైనింగ్ మళ్లీ పట్టదు, బండి ఒకవైపు లాగేస్తుంది. రెండువైపులా షూలు మార్చు, సిలిండర్లు కూడా. ఆ గట్టుని లేత్ మీద తీయించు, హబ్బు తుప్పు ఎమరీతో గీకి, డ్రమ్ము కూర్చునే చోట మాత్రం గ్రీజు పల్చగా రాయి, షూల వైపు చుక్క కూడా పోకూడదు. బిగించాక బ్రేక్ పైపుల్లోని ఎయిర్ తీసి, ముందు మీ వీధిలోనే మెల్లగా తిప్పి చూడు.