బోరు నీళ్లు ఆవిరైతే మళ్లీ మన మీదే వానగా పడతాయా?

చీనీతోట (అనంతపురం): మా రచ్చకట్ట దగ్గర రెండు రోజులుగా ఇదే వాదన. నా మాట ఒకటే, నీళ్లు ఎక్కడికీ పోవు. బోరు నీళ్లు చీనీ చెట్లకు పెడతాం, ఆవిరవుతాయి, మబ్బు పడుతుంది, వాన కురుస్తుంది. బళ్లో చదివింది ఇదే కదా. మరి బోరు వేసిన రైతును దొంగలా ఎందుకు చూస్తారు?

పెన్నఒడ్డు (కడప): అన్నా, ఆ చక్రం నిజమే. కానీ అది మన పొలం గట్లలోపలే తిరగదు. ఆవిరైన నీరు గాలిలో సగటున వారం పది రోజులుంటుంది. ఆలోగా ఎంత దూరమైనా పోతుంది. నైరుతి కాలంలో మన దగ్గర గాలి పడమర నుంచి తూర్పుకు కొడుతుంది. మన చెట్ల తేమలో కొంత దగ్గర్లోనే పడొచ్చు, కాదనను. ఎక్కువ భాగం బంగాళాఖాతం దారి పట్టేదే.

పడిన వానైనా లోపలికి దిగాలి కదా. మీ జిల్లాలో ఏడాదికి పడేదే 550 మిల్లీమీటర్లు అటూఇటూ. కింద గ్రానైట్ బండ, నీళ్లుండేది దాని పగుళ్లలో. ఏళ్ల తరబడి చుక్కచుక్కగా చేరింది ఒక్క ఎండాకాలంలో తోడేస్తున్నాం.

ప్రపంచమంతా ఇలాగే తోడుతోంది. ఆ నీళ్లు చివరికి సముద్రంలో చేరి, 1993 నుంచి 2010 లోపు సముద్రమట్టాన్ని 6 మిల్లీమీటర్లకు పైగా పెంచాయని శాస్త్రవేత్తల అంచనా. అంత బరువు చోటు మారేసరికి భూమి తిరిగే అక్షం కూడా కాస్త జరిగిందట. రాస్తుంటేనే ఒళ్లు జలదరిస్తోంది.

హంద్రిబిడ్డ (కర్నూలు): లెక్కలు సరే అన్నా. మా నాయన నాలుగు బోర్లు వేయించినాడు, మూడింట్లో దుమ్మే లేచింది. అప్పు ఇంకా తీరలేదు. కాలువ లేనోడు ఏం చేయాల?

పెన్నఒడ్డు: బోరు ఆపమనడం లేదు తమ్ముడూ, నింపకుండా తోడొద్దంటున్నా. మా వైపు పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. మంచి చెరువుకు ఏముండాలో, ఏ దోషాలు ఉండకూడదో అందులో రాతి మీద చెక్కించారు. ఇప్పుడు మన ఊళ్లలో చెరువుకు నీళ్లొచ్చే వంకలే పూడిపోయాయి. శ్రీశైలం నుంచి ఎత్తిపోసే కృష్ణా నీళ్లు హంద్రీనీవా కాలువలో వస్తున్నాయి, వాటితో ముందు చెరువులు నింపితే చుట్టుపక్కల బోర్లకు ఊట వస్తుంది.

చీనీతోట: గాలి సంగతి నాకు తట్టలేదు, ఒప్పుకుంటా. కానీ డ్రిప్ పెట్టినోణ్ణీ, మడి నిండా పారగట్టేవాణ్ణీ ఒకే గాటన కట్టొద్దు. మా చెరువు వంక నిండా కంపచెట్లే. జేసీబీతో తీయించిన ఊరివాళ్లు ఎవరైనా ఉంటే ఎంత ఖర్చయిందో చెప్పండి.